డీపీఏ 4099 గిటార్ మైక్: కొనే ముందు మీ స్టేజీ ఎంత మోతగా ఉంటుందో చూసుకోండి

స్టేజీ మీద అకౌస్టిక్ గిటార్ అనగానే మన దగ్గర ఎక్కువమంది సాడిల్ (తీగలు ఆనే చిన్న పట్టీ) కింద ఉండి తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పీజో పికప్‌తోనే సరిపెట్టుకుంటారు. జాక్ గుచ్చితే పనైపోతుంది, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ లోపలికి దూరి కూత పెట్టడం) బెడద కూడా తక్కువే. కాకపోతే గట్టిగా స్ట్రమ్ చేస్తే రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు టకటకలాడుతుంది, చెక్క పలకదు. ఆ చెక్క శబ్దం కోసం డెన్మార్క్ కంపెనీ డీపీఏ చేసే మైక్ 4099. గిటార్ బాడీకే క్లిప్పుతో పట్టించే చిన్న కండెన్సర్ మైక్ (బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన రకం) ఇది. ధర మాత్రం గట్టిదే. ఆ డబ్బుకి స్టేజీల మీద మామూలుగా వాడే ష్యూర్ ఎస్‌ఎం57 మైకులు మూడైనా వస్తాయి.

కూర్చుని కదలకుండా వాయించే వాళ్లకి ఇంత ఖర్చు అక్కర్లేదు. స్టాండు మీద ష్యూర్ ఎస్‌ఎం81 లాంటి పెన్సిల్ కండెన్సర్ పెట్టి, 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీల్లో పన్నెండోది) వైపు తిప్పి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. నిలబడి పాడుతూ, అటూ ఇటూ తిరుగుతూ వాయించేవాళ్ల దగ్గరే 4099 విలువ తెలుస్తుంది. మనిషి కదిలినా మైక్‌కీ గిటార్‌కీ మధ్య దూరం మారదు కాబట్టి లెవెల్ ఎగుడుదిగుడు కాదు.

బిగించేటప్పుడు చాలామంది మైక్‌ని నేరుగా సౌండ్‌హోల్ మీదికి తిప్పుతారు. శబ్దం పెద్దగా వస్తుంది నిజమే, కానీ డ్రెడ్‌నాట్ (పెద్ద బాడీ ఉన్న) గిటార్ లోపలి గాలి 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ బోం అంతా మైక్‌లోకి వచ్చి పడుతుంది. క్లిప్పుని బాడీ కింది అంచుకి, కుడిచేయి తగలని చోట పెట్టండి. గూస్‌నెక్ (మైక్‌ని పట్టుకునే వంగే కాడ) వంచి, సౌండ్‌హోల్‌కి కాస్త అవతల ఫ్రెట్‌బోర్డ్ బాడీని కలిసే చోటు వైపు చూసేలా తిప్పండి. ఇంకా బోంమంటుంటే ఈక్యూ (శబ్దంలో ఏ భాగం ఎంత రావాలో సర్దే నాబ్‌లు) జోలికి పోయే ముందు ఓ రెండు సెంటీమీటర్లు మెడ వైపు జరపండి. గూస్‌నెక్ చెక్కకి ఆనకూడదు, ఆనితే తట్టిన ప్రతిసారీ టప్‌మంటుంది. నైట్రో (నైట్రోసెల్యులోజ్) పాలిష్ ఉన్న గిటార్ అయితే ప్రోగ్రాం అవగానే క్లిప్పు తీసేయండి. రాత్రంతా రబ్బరు ఆనుకుని ఉంటే పాలిష్ మీద మచ్చ పడొచ్చు.

దీనికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైక్ కేబుల్ ద్వారా పంపే కరెంటు) కావాలి. చానెల్ మ్యూట్‌లో పెట్టకుండా ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ ప్లగ్) గుచ్చితే స్పీకర్లు దడేల్‌మంటాయి. సన్నటి కేబుల్‌నీ, దాని చివర ఉండే మైక్రోడాట్ కనెక్టర్‌నీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఎవరైనా కేబుల్ తొక్కితే ఆ లాగుడంతా అక్కడే పడుతుంది. కేబుల్‌ని స్ట్రాప్ చుట్టూ ఒక చుట్టు తిప్పి వదిలితే ఆ బాధ తప్పుతుంది.

ఇక అసలు తిప్పలు మానిటర్‌తో, అంటే వాయించేవాళ్లు తమ శబ్దం వినడానికి పెట్టుకునే స్పీకర్‌తో. 4099 సూపర్‌కార్డియాయిడ్, అంటే ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం. మైక్ చూసే దిక్కు నుంచి సుమారు 126 డిగ్రీల పక్కన దానికి వినపడటం బాగా తగ్గుతుంది, సరిగ్గా వెనక మాత్రం కొంత వినపడుతుంది. స్టాండు మీది మైక్ అయితే వెడ్జ్‌ని (నేల మీది మానిటర్‌ని) ఆ కోణంలో పెట్టి ఊరుకోవచ్చు. ఇక్కడ గిటారిస్టు ఒంటిని తిప్పితే ఆ కోణమూ తిరిగిపోతుంది. సౌండ్ చెక్‌లో నిశ్శబ్దంగా ఉన్నది రెండో పాటలో కూత పెట్టేది అందుకే. కాబట్టి పికప్‌నీ మైక్‌నీ రెండు చానెళ్లలో తీసుకోండి. వెడ్జ్‌లోకి పికప్ మాత్రమే పంపండి, మైక్‌ని జనం వైపు స్పీకర్లకే ఉంచండి. ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) వాడేవాళ్లయితే రెండూ పంపొచ్చు, వాళ్ల అదృష్టం.

రెండూ కలిపినప్పుడు ముందు పోలారిటీ (రెండు సిగ్నళ్లూ ఒకే దిశలో ఊగుతున్నాయా, ఎదురెదురుగానా అన్నది) చూడాలి. అన్నిటికన్నా లావైన E తీగ మీటుతూ మైక్ చానెల్ పోలారిటీ మార్చి మార్చి వినండి, కింది శబ్దం ఎప్పుడు నిండుగా వస్తే దాన్ని ఉంచండి. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. మైక్ 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పికప్ చానెల్‌కి 0.3 మిల్లీసెకన్ల డిలే ఇస్తే రెండూ కలుస్తాయి. డిజిటల్ మిక్సర్‌లో ఇది చిటికెలో పని. అనలాగ్ బోర్డు మీద పోలారిటీ బటన్‌తోనే సర్దుకోవాలి.

తర్వాత పని పంచాలి. మైక్‌కి హై పాస్ (కింది శబ్దాన్ని కోసే ఫిల్టర్) 200 హెర్ట్జ్ దాకా తీసుకెళ్లడానికి భయపడకండి, కింది శబ్దం పికప్ చూసుకుంటుంది. ఒంటరి గిటార్, ఒక్క గొంతే అయితే 100 చాలు. పికప్‌లో 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డీబీ తగ్గిస్తే ఆ టకటక మెత్తబడుతుంది. 200 హెర్ట్జ్ చుట్టుపక్కల పై చెక్క మోగే చోటు వెతికి, సన్నగా కోయండి. ఇది గిటార్ గిటార్‌కీ మారుతుంది. మైక్ 10 నుంచి 12 కిలోహెర్ట్జ్ దగ్గర తనంతట తానే ఓ 2 డీబీ లేపుతుంది, మీరు మళ్లీ ట్రెబుల్ పెంచితే వేళ్లు తీగల మీద జారే కీచు శబ్దమే మిగులుతుంది. కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచేది) 3:1, అటాక్ (అది పట్టు బిగించడానికి తీసుకునే సమయం) 20 మిల్లీసెకన్లు, గట్టి స్ట్రమ్‌కి మూడు డీబీ తగ్గితే చాలు. రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే మోత) మైక్‌కి మాత్రమే ఇవ్వండి.

పెళ్లి రిసెప్షన్ స్టేజీ సంగతి వేరు. గిటారిస్టుకి నాలుగడుగుల దూరంలో డ్రమ్ కిట్, పక్కన పెడెస్టల్ ఫ్యాను ఉంటే ఈ మైక్‌లో గిటార్ కన్నా సింబళ్లూ గాలీ ఎక్కువ వినిపిస్తాయి. అక్కడ పికప్, ఒక మంచి డీఐ బాక్స్ (పికప్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) మీద ఖర్చు పెట్టడం తెలివి. గజల్, ఫ్యూజన్, గిటార్-వయొలిన్ జంట కచేరీలు చేసేవాళ్లకి మాత్రం 4099 ధర గిట్టుబాటవుతుంది. క్లిప్పులు విడిగా దొరుకుతాయి కాబట్టి అదే మైక్‌ని వయొలిన్‌కీ వాడుకోవచ్చు. కొనేటప్పుడు లౌడ్ రకమే అడగండి. ఎక్స్‌ట్రీమ్ అని ఉండేది ట్రంపెట్, డ్రమ్స్ లాంటి పెద్ద మోతల కోసం.