థెరపీ కుక్కకు ఏ శిక్షణ మేలు: గొలుసా, తాయిలమా, క్లిక్కరా?

థెరపీ కుక్క చేయాల్సిన పనేమిటో ముందు తేల్చుకుంటే ఈ ప్రశ్నలో సగం చిక్కు విడిపోతుంది. అది దొంగను పట్టుకునే కుక్క కాదు, చూపులేనివారికి దారి చూపే కుక్కా కాదు. ఆసుపత్రి మంచం పక్కనో, వృద్ధాశ్రమంలోనో, పైకి చదవడానికి జంకే పిల్లల దగ్గరో ఉండి, ముక్కూ మొహం తెలియని మనుషులు తనను నిమురుతుంటే హాయిగా ఉండగలగాలి. ఓర్చుకోవడం చాలదు, ఇష్టపడాలి. అమెరికన్ మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్‌ను ఈ దారి పట్టించినది జింగిల్స్ అనే ఆయన కుక్కే. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడి దగ్గరికి అది తనంతట తానే పరుగెత్తింది, వాడు దానితో చనువుగా కలిసిపోయాడు.

గొలుసు లాగడం, మెడకు బిగుసుకునే పట్టీ, ముళ్ల పట్టీ, షాకిచ్చే పట్టీ... వీటన్నిటి కిటుకూ ఒకటే. చెప్పినట్టు వింటే నొప్పి ఆగుతుంది. పైకి ఫలితం త్వరగా కనిపిస్తుంది, కాదనను. 1910 నాటికే జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ పోలీసు కుక్కల కోసం ఈ తరహా శిక్షణను గ్రంథస్థం చేశాడు. బోనులో పెరిగిన తోడేళ్లను చూసి 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ రాసిన విషయాలు ‘కుక్కకు మనమే నాయకుడిలా ఉండాలి, లొంగదీయాలి’ అనే వాదానికి ఊతమయ్యాయి. అడవిలోని తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలేనని, అక్కడ పెత్తనం కోసం కొట్లాటలు చాలా అరుదని 1999లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ సరిదిద్దినా, పాత వాదం ఇంకా చావలేదు.

పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండించి నేర్పిన కుక్కల్లో ఆందోళన లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడికి గుర్తైన కార్టిసాల్ అనే హార్మోను కూడా ఎక్కువగా పెరిగింది. కుక్కలన్నిటికీ బహుమతి పద్ధతులే వాడాలని 2021లో అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ తేల్చి చెప్పింది. అయితే థెరపీ కుక్క విషయంలో నాకు ఇంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. గుర్రుమన్నందుకు శిక్షిస్తే కుక్కకు అయిష్టం పోదు, గుర్రుమనడం మాత్రమే పోతుంది. జ్వరం వచ్చిందని థర్మామీటరు విరగ్గొట్టినట్టు. రేపు ఒక పాప దాని చెవి పట్టుకుని లాగితే, అది ముందుగా చెప్పాల్సిన మాట చెప్పదు. నిద్రమత్తు లేకపోయినా వచ్చే ఆవలింత, పెదవులు నాక్కోవడం, మొహం తిప్పుకోవడం, అప్పటిదాకా వదులుగా తెరిచి ఉన్న నోరు చటుక్కున మూసుకుపోవడం: కుక్కను వెంట తీసుకొచ్చి పక్కనే ఉండే హ్యాండ్లర్‌కు ఇవే ఆధారం. వీటిని అణచివేసే పద్ధతి ఎంత వేగంగా పనిచేస్తే అంత ప్రమాదం. పైగా థెరపీ కుక్కలను నమోదు చేసే పెద్ద సంస్థలు సందర్శన వేళ ముళ్ల పట్టీలనూ షాక్ పట్టీలనూ ఎలాగూ అనుమతించవు.

కాబట్టి గొలుసును పక్కన పెడదాం. అసలు ఎంపిక మంచి పద్ధతుల మధ్యే.

తాయిలం ముక్కు దగ్గర పెట్టి పైకి లేపితే కుక్క తల ఎత్తుతుంది, నడుము వంగి కూర్చుంటుంది. నేర్పడానికి ఇంత తేలిక దారి లేదు. కానీ కొన్నిసార్లు చేశాక ఖాళీ చేత్తోనే సైగ చేసి, రెండో చేతితో తాయిలం ఇవ్వాలి. లేకపోతే చేతిలో తిండి ఉంటేనే వినే కుక్క తయారవుతుంది, మంచాన ఉన్నవాళ్ల జేబులన్నీ వాసన చూస్తుంది. దీనికి భిన్నమైనది కాచుకుని పట్టుకోవడం. కుక్క దానంతట అదే ఒక పక్కకు ఒరిగి, గడ్డం నేలకు ఆనించినప్పుడు, మాట్లాడకుండా ముందు కాళ్ల మధ్య ఒక చిన్న ముక్క పెట్టి తప్పుకోవాలి. ఇది నిదానం. అయినా ప్రశాంతతను నేర్పడానికి నా ఓటు దీనికే, ఎందుకంటే ఎర చూపి కుక్కను కూర్చోబెట్టగలం గానీ స్థిమితపరచలేం.

ఇక క్లిక్కరా, మాటా? 1940లలో అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ శిష్యులైన బ్రెలండ్ దంపతులు వాడిన ఈ టిక్కుమనే పరికరాన్ని, డాల్ఫిన్లకు ఈలతో శిక్షణ ఇచ్చిన కేరెన్ ప్రయర్ 1990లలో కుక్కలవాళ్లందరికీ చేరువ చేశారు. క్లిక్కర్ శబ్దం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, అలసట గానీ విసుగు గానీ దానికి అంటవు. సరిగ్గా ఏ క్షణానికి మెచ్చుకున్నారో కుక్కకు తెలుస్తుంది. అయితే చేయి ఆలస్యమైతే తప్పు కూడా అంతే కచ్చితంగా నేర్పుతుంది. వార్డులోనేమో ఒక చేతిలో కుక్కను కట్టిన తాడు, ఇంకో చేయి రోగి వైపు, నడుమ సెలైన్ గొట్టం, పక్కన నిద్రపోతున్న మరొకరు. అక్కడ టిక్కుటిక్కుమని నొక్కలేం. ఇంట్లో కొత్త పనులు నేర్పేటప్పుడు క్లిక్కర్, బయటికి వెళ్లేనాటికి ‘భేష్’ లాంటి ఒక పొట్టి మాట. శబ్దానికి ఉలిక్కిపడే కుక్కైతే మొదటి నుంచీ మాటే.

వీటన్నిటికన్నా ఎక్కువ సమయం దక్కాల్సింది అలవాటు చేయడానికి. వాకర్, చక్రాల కుర్చీ, ఊతకర్ర, మందుల వాసన, ఉన్నట్టుండి అరిచే మనిషి. కొందరు కుక్కను నేరుగా వార్డుకు తీసుకెళ్లి ‘అదే అలవాటు పడుతుందిలే’ అంటారు. భయంతో కొయ్యబారిన కుక్కను చూసి బుద్ధిమంతురాలని మురిసిపోయేది ఇక్కడే. మేలైన దారి దూరం నుంచి మొదలుపెట్టడం. చక్రాల కుర్చీ కనబడాలి, ఆ తర్వాతే తాయిలం రావాలి. ఈ వరస తిరగబడితే తాయిలాల సంచి చప్పుడే ‘భయపెట్టేదేదో వస్తోంది’ అనే సూచనైపోతుంది. కుక్క ముక్కను నోట పెట్టకపోతే మొండితనం కాదు, మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. నాలుగడుగులు వెనక్కి వేయాలి.

తిండికి బదులు నిమిరితే చాలదా? నేర్చుకునే దశలో తిండిదే పైచేయి. కానీ నిమరడం ఒక పరీక్షగా పనికొస్తుంది. మూడు సెకన్లు మెడ పక్కన నిమిరి చేయి తీసేయండి. కుక్క ఒరిగి ఇంకా కావాలంటే సరే. కదలకుండా ఉండిపోతే, పక్కకు చూస్తే, అది మర్యాదగా వద్దంటోంది. కొత్తవాళ్ల దగ్గర మళ్లీ మళ్లీ ఇదే జరిగితే ఏ పద్ధతీ దాన్ని థెరపీ కుక్కగా మార్చకూడదు. ఇంట్లో ముద్దుగా ఉండనివ్వాలి.

శిక్షకుణ్ణి ఎంచుకునే ముందు, కుక్క చెప్పినట్టు చేయకపోతే ఏం చేస్తారని అడగండి. పనిని ఇంకా చిన్న ముక్కలుగా విడగొడతామనో, దూరం పెంచుతామనో చెప్పినవారి దగ్గర చేర్చవచ్చు. ‘కుక్కను బట్టి ఉంటుంది’ అని దాటవేస్తే, వారి సంచిలో ఏయే పట్టీలు ఉన్నాయో చూపించమనండి.