స్పానిష్–ఇంగ్లిష్ జేబు నిఘంటువు: ఆరు నెలల వాడకం తరువాత

హ్యూస్టన్‌లో ఇరుగుపొరుగున వినిపించే స్పానిష్ మాటలను అర్థం చేసుకోవాలన్న కోరికతో ఒక స్పానిష్–ఇంగ్లిష్ జేబు నిఘంటువు కొని, ఆరు నెలలుగా రోజూ వాడుతున్నాను. ఇంగ్లిష్ మాటల్లా కనిపిస్తూ వేరే అర్థమిచ్చే పదాలను గళ్లు కట్టి విడిగా చూపడం ఇందులో నాకు ఎంతో నచ్చింది. ‘ఎంబారసాదా’ అంటే సిగ్గుపడిన స్త్రీ కాదు, గర్భవతి. ‘ఎక్సితో’ అంటే బయటికి దారి కాదు, విజయం. ‘రోపా’ అంటే తాడు కాదు, బట్టలు.

ఊళ్ల పేర్ల అనుబంధాన్ని మాత్రం మళ్లీ మళ్లీ చదివాను. లాస్ వేగాస్ అంటే పచ్చిక మైదానాలనీ, నెవాడా అంటే మంచు కప్పినదనీ, కొలరాడో అంటే ఎర్రటిదనీ తెలిసినప్పుడు, ఇన్నాళ్లూ పటంలో చూసిన పేర్లకు ప్రాణం వచ్చినట్లనిపించింది. వానాకాలం ముందు మన పత్రికలు రాసే ‘ఎల్ నినో’ అసలు ఉచ్చారణ ‘ఎల్ నిన్యో’. మామూలుగా దాని అర్థం పిల్లవాడు. క్రిస్మస్ వేళ వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహాన్ని పెరూ జాలరులు బాల యేసు పేరుతో అలా పిలిచారు.

మనుషుల పేర్ల విషయంలో నిఘంటువు నిరాశపరిచింది. హొసేను పేపే అనీ, ఫ్రాన్సిస్కోను పాకో అనీ ముద్దుగా పిలుస్తారని చెప్పలేదు. స్పెయిన్‌లో సాధారణంగా తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు తరువాత వస్తాయన్న వివరమూ లేదు. అది తెలియనివారు రఫాయెల్ నదాల్ పరేరా అన్న పేరులో పరేరానే అసలు ఇంటిపేరనుకుంటారు. అచ్చు కూడా మరీ సన్నం.