అమ్మ వేలిముద్రలు పడ్డాయి: విజయవాడ ఆధార్ సేవా కేంద్రంలో మా అనుభవం

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసింది. మాఘమాసం నుంచి ఎండాకాలం దాకా మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో చేతికి ఖాళీ ఉండేది కాదు. రాత్రి ఇంటికొచ్చి చేతుల మంటకి కొబ్బరినూనె రాసుకుని, అరచేతులు పైకి పెట్టుకుని పడుకునేది. వేలి ముద్రలు అరిగిపోయింది ఆ పనిలోనే అని నా నమ్మకం. ఇప్పుడు ఆవిడ బొటనవేలు దీపం ముందు పెట్టి చూసినా గీతలు కనపడవు. నున్నగా, గాజు మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది.

ప్రతి నెలా 1వ తారీకున మా వార్డు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి, వేలిముద్ర తీసుకుని 4,000 రూపాయల పెన్షన్ ఇస్తారు కదా. మా ఇంటి దగ్గరే ఆలస్యమయ్యేది. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, చెయ్యి తుడిచి మళ్లీ ఇంకో వేలు. చివరికి ఎలాగో ఇచ్చేసి వెళ్లేవారు, పాపం విసుక్కునేవారు కూడా కాదు. కానీ నెలాఖరు వస్తోందంటే అమ్మకి టెన్షన్ మొదలయ్యేది. "ఈసారి పడకపోతే నేను లేననుకుంటారేమోనే" అనేది. ఆ మాట వినలేక ఆధార్‌లో వేలిముద్రలు, కళ్ల స్కాన్ కొత్తగా తీయిద్దామని బయల్దేరాను. మా పాప లాస్యకి నాలుగేళ్లు, దానికి ఇంకా ఆధార్ లేదు. బడిలో అడుగుతున్నారు, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి అనుకున్నాను.

ముందు దగ్గర్లో ఉన్న ఒక ఆధార్ సెంటరుకే వెళ్లాం, పేరు చెప్పను. మూడుసార్లు తిరిగాం. మొదటిసారి సర్వర్ లేదన్నారు. రెండోసారి కళ్లు తీసే మిషన్ పనిచేయట్లేదన్నారు. మూడోసారి అమ్మ చెయ్యి చూసి "ఈవిడకి పడవమ్మా, అనవసరంగా తిప్పకండి" అనేశారు. అమ్మ ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ముద్రలు పడకపోవడం తన తప్పన్నట్టు అయిపోయింది ఆవిడకి. పెద్దవాళ్లతో అలా మాట్లాడేవాళ్లు ఒక్క నిమిషం ఆ చేతుల వెనక ఎంత పని ఉందో ఆలోచిస్తే బాగుంటుంది.

2025 నవంబరులో ఎదురింటి అక్క చెప్తే విజయవాడ ఆధార్ సేవా కేంద్రానికి స్లాట్ పెట్టుకున్నాను. ఇది ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వాళ్లే పెట్టించిన కేంద్రం. 2019లో దేశంలో మొట్టమొదట తెరిచిన రెండిట్లో ఇదొకటి, రెండోది ఢిల్లీలో. స్లాట్ పెట్టుకోవడం కష్టమేం కాదు. ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, ఊరు, తేదీ, టైము ఎంచుకోవడమే. మనిషికొక స్లాట్ కావాలి. అందుకని అమ్మకొకటి, పాపకొకటి పెట్టాను.

గుంటూరు నుంచి బస్సు ఎక్కాం. ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే స్త్రీ శక్తి పథకం కదా, నాకూ అమ్మకీ జీరో టికెట్టే. కండక్టరుకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఏదైనా చూపించాలి. ఆధార్ బాగు చేయించుకోవడానికి వెళ్తూ ఆధారే చూపిస్తున్నామని అమ్మ నవ్వింది. ఆ పొద్దున ఆవిడ మొదటిసారి నవ్వింది అప్పుడే, అందుకే రాస్తున్నాను.

లోపలికి వెళ్లగానే నాకు నచ్చింది ఏంటంటే, ఎవరి దగ్గరికి వెళ్లాలో వెతుక్కోవక్కర్లేదు. గుమ్మం దగ్గరే కాగితాలు చూసి టోకెన్ ఇచ్చారు. తర్వాత ఒక కౌంటర్లో కాగితాలు పరిశీలిస్తారు, ఇంకో కౌంటర్లో డబ్బు కట్టాలి, ఆ తర్వాత కూర్చుంటే తెర మీద మన టోకెన్ నంబరు వస్తుంది. కూర్చోవడానికి కుర్చీలున్నాయి, ఏసీ ఉంది. అమ్మలాంటి వాళ్లకి అది చిన్న విషయం కాదు.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను, బయట చాలామంది దీని దగ్గరే మోసపోతున్నారు. పాపకి కొత్త ఆధార్ ఉచితం, ఒక్క పైసా కట్టలేదు. అమ్మకి బయోమెట్రిక్స్, అంటే వేలిముద్రలు, కళ్ల స్కాన్, మార్చడానికి 125 రూపాయలు, రసీదు ఇచ్చారు. అదే డబ్బులో అమ్మ ఆధార్‌కి నా ఫోన్ నంబరు కూడా ఎక్కించారు, దానికి వేరే కట్టక్కర్లేదు. వేలిముద్రలు మార్చడానికి అమ్మ ఆధార్ తప్ప ఇంకో కాగితం అడగలేదు. పాపకి మాత్రం పుట్టిన సర్టిఫికెట్ కావాలి, దాని మీద పాప పేరు ఉండాలి. పేరు పెట్టకముందు తీసుకున్న సర్టిఫికెట్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. మేం ముందే మునిసిపల్ ఆఫీసులో పేరు ఎక్కించుకున్నాం కాబట్టి సరిపోయింది.

లాస్య పని పది నిమిషాల్లో అయిపోయింది. అయిదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు, కళ్లు తీయరు. ఫోటో ఒక్కటే. వాళ్ల తరఫున తల్లో తండ్రో వేలిముద్ర వేయాలి. నా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటో తీశారు. మన వైపు కూడా ఒక తెర ఉంటుంది, అందులో పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కనిపిస్తాయి. దయచేసి తెలుగు వరస కూడా చదవండి. ఇంగ్లీషు అక్షరాల నుంచి తెలుగు దానంతట అదే వస్తుంది, అందుకని దీర్ఘాలు పోతాయి. మా పాప పేరు "లస్య" అని వచ్చింది. చెప్పగానే ఆపరేటరు అక్కడికక్కడే దీర్ఘం ఇచ్చి, మళ్లీ నాకు చూపించి, నేను సరే అన్నాకే ముందుకు వెళ్లింది.

తర్వాత అమ్మ. ఆ ఆపరేటరు అమ్మాయికి ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు. అమ్మ కుర్చీలో కూర్చుంటూనే "నాకు పడవమ్మా" అంది. ఆ అమ్మాయి "చూద్దాం మామ్మగారూ, తొందరేం లేదు" అని తడిగుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడిచింది. నాలుగు వేళ్లు కలిపి మిషన్ అద్దం మీద పెట్టించింది. తెర మీద వేళ్లన్నీ ఎర్రగా వచ్చాయి, అంటే పడలేదన్నమాట. మళ్లీ తుడిచింది. "చెయ్యి వదులుగా పెట్టండి, నేను నొక్కుతాను" అని లేచి వచ్చి, అమ్మ చేతి మీద తన చెయ్యి ఆనించి, ఒక్కో వేలి గోరు మీద మెల్లగా ఒత్తింది. ఉంగరపు వేలు మొదట పడింది. తర్వాత మధ్యవేలు. ఎడమ చెయ్యి నాలుగోసారికి వచ్చింది. బొటనవేళ్లు మాత్రం ఎంత చేసినా అంతంతమాత్రమే.

కళ్లు తీసేటప్పుడు దుర్భిణీ లాంటి మిషన్ ముందు కళ్లు పెద్దవి చేసి చూడాలి. అమ్మ రెప్పలు వాలిపోతుంటే "మనవరాలు అల్లరి చేస్తే ఎలా చూస్తారు, అలా చూడండి" అంది ఆ అమ్మాయి. ఒక్క దెబ్బకి రెండు కళ్లూ వచ్చాయి.

చివర్లో ఒక మాట చెప్పింది. "మామ్మగారూ, మీ కుడిచేతి మధ్యవేలు అన్నిటికంటే బాగా వచ్చింది. ఎక్కడైనా ముందు ఆ వేలే పెట్టండి." ఇన్నేళ్లలో మాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. బొటనవేలే పెట్టాలనుకుని అదే పెడుతూ వచ్చాం.

మా స్లాట్ పదిన్నరకి. బయటికి వచ్చేసరికి పన్నెండుంపావు. పాపకి ఇచ్చిన రసీదు మీద 14 అంకెల నంబరు, తేదీ, టైము ఉంటాయి. ఆధార్ వచ్చేదాకా అది జాగ్రత్తగా దాచుకోవాలి, దాంతోనే ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. మాకు తొమ్మిదో రోజున మెసేజ్ వచ్చింది. నీలం రంగు కార్డు డౌన్‌లోడ్ చేసుకున్నాను, "లాస్య" దీర్ఘంతోనే ఉంది. అయిదేళ్లు నిండాక దాని వేలిముద్రలు ఇప్పించాలి. ఏడేళ్లలోపు అయితే దానికి రుసుము లేదు.

సేవకి అయిదుకి అయిదు ఇస్తున్నాను. నాకున్న కోరిక ఒకటే. ముద్రలు అరిగిన ముసలివాళ్ల కోసం ఇంత ఓపికగా చేసేవాళ్లు ఊరూరికీ నెలకొక్క రోజైనా రావాలి. మంచం మీద ఉన్నవాళ్లు బస్సెక్కి రాలేరు. మా వీధిలోనే అలాంటివాళ్లు ఇద్దరున్నారు.

డిసెంబరు 1 సోమవారం పొద్దున్నే సచివాలయం అబ్బాయి వచ్చాడు. అలవాటు ప్రకారం "మామ్మా, బొటనవేలు" అన్నాడు. అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని "కాదు నాయనా, ఇది పెట్టమన్నారు" అని మధ్యవేలు చాపింది. రెండోసారికి పడింది. అబ్బాయి నోట్లు లెక్కపెడుతుంటే అమ్మ ఆ వేలినే చూసుకుంటోంది.