ఏడు శనివారాలు, ఏడు పూతరేకులు

వాడపల్లి వేంకటేశ్వరస్వామిని వరుసగా ఏడు శనివారాలు దర్శించుకుంటానని మా ఆవిడ మొక్కుకున్న నెలలోనే నా రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటును చూపే కొలత, 6.1 శాతమని వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందరి మెట్టుగా లెక్కిస్తారు గనుక, మందులు అక్కరలేదుగానీ తిండి మార్చుకోక తప్పదని వైద్యుడు చెప్పి ఆహార నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ నా దినచర్య అంతా ఓపికగా విని, రాత్రిపూట అన్నం తగ్గించమని, కూరలు, పప్పు పెంచమని, కాఫీలో పంచదార మానమని చెప్పి, చివర్లో నేను అడగకుండానే ఒక సడలింపు ఇచ్చారు. వారానికి ఒక్కసారి ఒక్క మిఠాయి, అదీ మనసుకు నచ్చినదే తినవచ్చునట. అయితే అది ఎంత బరువుందో, అందులో ఏముందో తెలుసుకుని మరీ తినాలట. మాది రాజమహేంద్రవరం. దవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు దిగి వాడపల్లి వెళ్లేవారికి ఆత్రేయపురం దారిలోనే తగులుతుంది. ఆ విధంగా మొక్కు మా ఆవిడది, మిఠాయి నాది అయింది. ఒక్క వారం తప్ప మిగతా అన్ని వారాలూ ఒకే దుకాణం ముందు కారు ఆపి, దాదాపు వారానికో రకం చొప్పున కొన్న పూతరేకుల గురించి, తీపి మీద మమకారం చావని, చక్కెర మీద భయం పుట్టిన మనిషి చెప్పగలిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

దుకాణం పేరు ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆత్రేయపురంలో రేకు తీయడం ఒక పని, పూతరేకు చుట్టడం మరొక పని. రేకులు చాలావరకు ఇళ్లలో ఆడవాళ్లు తీసి దుకాణాలకు వేస్తారు కాబట్టి, పక్కపక్క దుకాణాల మధ్య తేడా ప్రధానంగా నెయ్యిలోనూ తీపి పాళ్లలోనూ ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని సాధించిన తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. ఆ సీమలో వరి పండించే నీళ్లు ఎవరి పుణ్యమో తెలిసినవారికి అది వింతగా తోచదు.

మొదటి శనివారం దుకాణం వెనుక వసారాలో రేకు తీయడం చూపించమని అడిగాను. జయ రకం బియ్యాన్ని నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు కలిసిన పాలంత పలుచగా చేసుకుంటారు. మంట పెట్టడానికి ఒక పక్క నోరున్న కుండను పొయ్యిగా అమర్చి, లోపల ఎండు కొబ్బరాకులు మండిస్తారు. సన్నని గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులా చెరగులు పట్టుకుని, కాలుతున్న కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తే, గుడ్డ వదిలిన తడి కళ్లముందే ఆరిపోయి పలుచని పొరగా లేస్తుంది. పూత పూసినట్టు వచ్చే రేకు కాబట్టే ఆ పేరు. మంట కాస్త పెరిగితే రేకు మాడుతుంది, తగ్గితే కుండకు అంటుకుంటుంది; ఆ పని చేస్తున్న పెద్దావిడ మంట వంక చూడకుండా, చేతికి తగిలే సెగను బట్టే ఆకు ఎగదోస్తున్నారు. నాలాంటివాడికి ఇందులో గమనించదగ్గ విషయం మరొకటి ఉంది. ఇంతవరకు రేకులో చుక్క నూనె లేదు, చిటికెడు తీపి లేదు. వేపుడుగానీ పాకంగానీ లేని మిఠాయి ఇది. ప్రతి కొవ్వూ, ప్రతి చక్కెరా చివర్లో, చుట్టేవాళ్ల చేతి మీదుగా, కంటికి కనిపిస్తూ చేరుతుంది. కాజా అభిమానులు నన్ను క్షమించాలి, నూనెలో వేగి పాకంలో నానిన వస్తువు లోపల ఏది ఎంత ఉందో తిన్నవాడికి తెలిసే మార్గం లేదు.

అందుకే మొదటివారం చుట్టిన పూతరేకులతో పాటు కొన్ని ఖాళీ రేకులు కూడా కొని, ఇంటికి వచ్చాక వంటింటి త్రాసు మీద పెట్టాను. ఒక పూతరేకుకు పట్టే రెండు రేకులూ కలిపి పది గ్రాములకు అటూఇటూగా తూగాయి. దుకాణంలో చుట్టిన బెల్లం పూతరేకు 36 గ్రాములుంది. దాన్ని విప్పి చూసి, అదే కొలతలో ఒకటి నేనే చుట్టి పోల్చుకుంటే, బెల్లం దాదాపు 16 గ్రాములు, నెయ్యి 9 గ్రాములు, మిగిలింది యాలకుల పొడి, నాలుగు జీడిపప్పు పలుకులు అని తేలింది. మొత్తం మీద ఒక పూతరేకుకు 170 నుంచి 180 కిలోకేలరీలు పడతాయి, అందులో సగానికి దగ్గరగా నేతివే. ఈ అంకెను దేనితో పోల్చాలో కూడా చెప్పాలి. రోజుకు 2000 కిలోకేలరీలు తినేవారు పైనుంచి కలిపే చక్కెరలను 50 గ్రాముల లోపు, వీలైతే 25 గ్రాముల లోపు ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా మొత్తం శక్తిలో చక్కెర వాటా 5 శాతం దాటకూడదనే చెబుతున్నాయి. అంటే ఆ 25 గ్రాముల లెక్కన ఒక్క బెల్లం పూతరేకుతో ఆ రోజు కోటాలో మూడింట రెండు వంతులు అయిపోతుంది. రెండు తింటే కోటా దాటిపోతుంది, మిగిలిన రోజంతా కాఫీ చేదుగా తాగినా సరే. ఈ లెక్క చేసుకున్నాక నాకు మొదట కలిగింది దిగులు కాదు, నెమ్మది. ఒకటి అనే మాటకు ఒక కొలత దొరికింది.

మొదటి వారం తిన్నది బెల్లంది కాగా రెండో వారం పంచదారది. పంచదార పొడి బెల్లంకన్నా తెల్లగా, పొడిగా, రేకుల మధ్య సమంగా పరుచుకుంటుంది; నోట్లో పెట్టుకున్న మరుక్షణం కరిగిపోతుంది, ఆ కరగడంలోనే చిక్కుంది, తిన్నట్టు తెలియకముందే రెండోదాని మీదికి చెయ్యి పోతుంది. బెల్లం తురుము అక్కడక్కడ పలుకుగా పంటికింద తగులుతుంది గనుక నమలక తప్పదు, నమలడంతో తినడం నెమ్మదిస్తుంది. ఆరోగ్యానికి బెల్లమే మంచిదని దుకాణంలోనూ, మా ఇంట్లోనూ, దాదాపు అందరి నోటా వినే మాట మాత్రం నేను ఒప్పుకోను. శక్తి విషయంలో రెండింటికీ తేడా స్వల్పం, రక్తంలో చక్కెరను పెంచడంలోనూ అంతే. పదహారు గ్రాముల బెల్లంలో ఉండే ఇనుము లెక్కలోకి రాదు. బెల్లందాన్ని రుచి కోసం ఎంచుకోవాలి, వైద్యం కోసం కాదు.

రెండో వారం మరో పాఠం కూడా దొరికింది. దర్శనం అయ్యేదాకా మా ఆవిడ ఏమీ తినరు, తోడుగా నేనూ తినలేదు, ప్రదక్షిణలు పూర్తయి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. కారులోనే పూతరేకు విప్పి తిన్నాను. గంట తర్వాత గ్లూకోమీటరు చూపిన అంకె చూసి ఆవిడ ఏమీ అనలేదు, ఆ మౌనం అనడంకన్నా ఎక్కువ. మూడో వారం నుంచి పద్ధతి మార్చాం: పూతరేకును పొట్లంలోనే ఉంచి ఇంటికి తెచ్చుకుని, ముందు కూర, పప్పు, పెరుగుతో భోజనం చేసి, ఆ పూట అన్నం సగానికి తగ్గించి, ఆఖరున దాన్ని తినడం. అప్పుడు అదే గంట తర్వాత చూస్తే అంకె ముప్ఫైకి పైగా తక్కువగా ఉంది. పీచు, మాంసకృత్తులు, కొవ్వు ముందుగా కడుపులో ఉంటే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుందని ఆహార నిపుణురాలు చెప్పినది నా ఒక్కడి వేలి రక్తంలో అంత తేలికగా కనిపిస్తుందని అనుకోలేదు. ఒక మనిషి కొలత అందరికీ వర్తించదు. అయినా ఖాళీ కడుపున మిఠాయి తినవద్దనే మాటను ఇకముందు నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడో వారం తెచ్చింది డ్రైఫ్రూట్ పూతరేకు. జీడిపప్పు, బాదం, పిస్తా దట్టంగా కూరి ఉంటాయి, ధర మామూలుదానికి దాదాపు రెట్టింపు, బరువు 54 గ్రాములు. బాదం, పిస్తా మంచివే, వాటిని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఇక్కడ అవి బెల్లాన్నీ నేతినీ తొలగించి రాలేదు, వాటి మీద కూర్చున్నాయి. పైగా పప్పుల బరువుకు రేకు నలిగి, పూతరేకుకు ప్రాణమైన ఆ గాలి పొరలు అణగిపోయాయి. పెళ్లివారికి ఇచ్చే పెట్టెలో దీనికి గౌరవం ఉండవచ్చు, నా వారపు మిఠాయిగా దీన్ని మళ్లీ కొనను. నాలుగో వారం కొన్న చాక్లెట్ పూతరేకు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చాక్లెట్ రుచి వచ్చింది, పూతరేకు రుచి పోయింది.

ఎక్కువ చెప్పవలసింది ఐదో వారం గురించి. పెట్టె మీద షుగర్ ఫ్రీ అని పెద్ద అక్షరాలతో ఉంది. తీపి ఎక్కడిదని అడిగితే, "ఆయ్, ఖర్జూరం ముద్దండీ, పంచదార పలుకు కూడా వెయ్యమండీ," అని చుట్టే ఆవిడ నిజాయితీగానే చెప్పారు. పంచదార లేదన్నది నిజం. కానీ ఎండు ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి, రక్తానికి ఆ చక్కెర ఏ చెట్టుదో పట్టదు. ఖర్జూరంలో పీచు ఉన్నమాట వాస్తవమే, నెయ్యి మాత్రం యథాతథం. కొన్ని చోట్ల ఖర్జూరానికి బదులు మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలు వాడతారు, అవి పంచదారకన్నా తక్కువ శక్తినిచ్చినా బొత్తిగా సున్నా కావు, ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు తప్పవు. కాబట్టి ఈ మాట కనిపించిన పెట్టె వెనుక పదార్థాల జాబితా చదవకుండా కొనకూడదు. అసలు దోషం ఆ పెట్టెది కాదు, నాది: ఆ రెండు మాటలు చదివిన ధైర్యంతో ఆ రోజు నేను రెండు తిన్నాను. ఏడు వారాల్లో నియమం తప్పింది ఆ ఒక్కసారే, అదీ ఆరోగ్యకరమైనదని అచ్చు వేసినదాని దగ్గర. రుచి కూడా జిగటగా, రేకుకు అతుక్కుని, పంటికి పట్టుకుని వదలలేదు.

ఆరోవారం వర్షం వల్ల బ్యారేజీ మీద వాహనాలు నిలిచిపోయి దుకాణం దగ్గర ఆగలేకపోయాం, మధ్యవారంలో ఒక వెబ్‌సైటు ద్వారా తెప్పించుకున్నాను. పెట్టెలో పదింటికి ఆరు పొడిపొడిగా చితికి వచ్చాయి, నెయ్యి ముక్కవాసన వేసింది, తయారీ తేదీ ఉండవలసిన చోట ముద్ర పూర్తిగా చెరిగిపోయి ఉంది. ఎవరి దగ్గర కొన్నానో రాయడం వల్ల ప్రయోజనం లేదు, డబ్బు వెనక్కి ఇచ్చారు. కొనేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ కనిపించేలా పెట్టాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నియమం పెట్టింది. అడిగితే చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిదే. ఆత్రేయపురం దుకాణంలో అడిగితే ఏ రోజు చుట్టారో చెప్పారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినా ఏమీ అనుకోలేదు. పూతరేకుకు ప్రధాన శత్రువు తేమ, అది తగిలితే రేకు మెత్తబడి సాగుతుంది; మూత గట్టిగా ఉన్న డబ్బాలో, బయటే, ఎండ తగలని చోట ఉంచితే మా ఇంట్లో పది రోజులు కరకర పోలేదు. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి పేరుకుని మైనంలా నాలుకకు అంటుతుంది.

ఇన్ని చెప్పాక, ఈ దుకాణం మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. పది ఉన్న పెట్టెకు తక్కువ అమ్మరు. పదేసి పూతరేకులు ఇంట్లో ఉంచుకుని వారానికి ఒకటి తినగల నిగ్రహం ఉన్నవాడికి ఆహార నిపుణురాలితో పనే ఉండదు. మొదటి రెండు వారాలూ పెట్టె కొని, ఒకటి ఉంచుకుని, మిగతావి మేడమీద అద్దెకున్నవాళ్లకు, గుడి దగ్గర పూలమ్మే ఆవిడకు, ఆవిడ మనవలకు పంచాను. మూడోవారం విడిగా రెండు ఇమ్మని అడిగితే చుట్టే ఆవిడ నా వంక, పెట్టె వంక మార్చి మార్చి చూసి, "రెండు ఎవరైనా కొంటారా అండీ?" అన్నారు, కానీ ఇచ్చారు. ధర పెట్టె లెక్కకన్నా ఒక్కోదానికి రెండు రూపాయలు ఎక్కువ పడింది, ఆ రెండు రూపాయలు నాకు మందుల షాపు కన్నా చౌక.

ఏడో శనివారం మళ్లీ మొదటిదానికే వచ్చాను. ఆ పూట చుట్టిన బెల్లం పూతరేకు, వెచ్చదనం పోని నెయ్యి, మధ్యలో పంటికింద పలుకు. ఏడింటిలో నేను ఎవరికైనా సిఫారసు చేసేది ఇదొక్కటే: తాజాగా, సాదాగా, విడిగా, భోజనం తర్వాత. దుకాణం ముందు కారు ఆగేసరికే చుట్టే ఆవిడ చిన్న కాగితపు పొట్లం కట్టి గల్లాపెట్టె పక్కన పెట్టేశారు. "రెండేగా అండీ," అని, మా ఆవిడ వంక చూసి, "మొక్కు అయిపోయిందిగా, వచ్చేవారం నుంచి బాబుగారు ఏ వంక పెట్టి వస్తారో!" అన్నారు.