లాగినా చెదరని పటం: జియోజెబ్రాతో కొన్నేళ్ల గణిత బోధన

గణితం బోధించే ఉపాధ్యాయులకు సాంకేతిక పరికరాల్లో ఏదో ఒక్కదాన్ని మాత్రమే శ్రద్ధగా నేర్చుకునే వెసులుబాటు ఉంటే, ఆ ఒక్కటీ జియోజెబ్రా కావాలన్నది నా అభిప్రాయం. ఉన్నత పాఠశాల తరగతుల్లో రేఖాగణితానికీ, వర్గ సమీకరణాలకూ, నిరూపక జ్యామితికీ దీన్ని కొన్ని విద్యా సంవత్సరాలుగా విడవకుండా వాడుతున్నాను. కనుక తొలినాళ్ల ఉత్సాహం తగ్గిన తరువాత కూడా మిగిలిన మేలు ఏమిటో, వాడిన కొద్దీ బయటపడిన ఇబ్బందులు ఏమిటో కొంత నమ్మకంగా చెప్పగలను.

ఈ సాఫ్ట్‌వేర్‌ను మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టారు. అంతకు ముందే ఫ్రాన్స్‌లో పుట్టిన కాబ్రీ, అమెరికాలో 1991లో వచ్చిన జియోమీటర్స్ స్కెచ్‌ప్యాడ్ కదిలే రేఖాగణితాన్ని తరగతులకు పరిచయం చేశాయి. జియోజెబ్రా పటాన్నీ దాని సమీకరణాన్నీ ఒకే తెరపై పక్కపక్కన ఉంచి రెండింటినీ ముడివేసింది. వృత్తాన్ని కుడివైపుకు జరిపితే పక్క గడిలో దాని సమీకరణం మారుతుంది. సమీకరణంలో అంకె మారిస్తే వృత్తం జరుగుతుంది. వాణిజ్యేతర వాడుకకు ఇది ఉచితం. కంప్యూటర్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. 2021లో బైజూస్ సంస్థ దీన్ని కొనుగోలు చేసినప్పుడు ఉచిత వాడుక ఆగిపోతుందేమోనని కొంత ఆందోళన కలిగింది కానీ, నేను వాడే సౌకర్యాలేవీ తొలగిపోలేదు.

దీని బలమంతా బిందువును పట్టుకుని లాగడంలోనే ఉంది. నల్లబల్ల మీద కంటి అంచనాతో గీసిన చతురస్రానికీ, లంబాలూ వృత్తాలూ ఉపయోగించి నిర్మించిన చతురస్రానికీ చూపులో తేడా తెలియదు. జియోజెబ్రాలో ఒక శీర్షాన్ని పట్టుకుని లాగగానే ఆ తేడా బయటపడుతుంది. నాలుగు బిందువులు సుమారుగా పెట్టి కలిపిన బొమ్మ వెంటనే వంకరపోతుంది. ఏబి అనే భుజానికి ఏ వద్ద లంబం గీసి, ఏ కేంద్రంగా బి గుండా పోయే వృత్తం గీసి, ఆ రెండూ ఖండించుకున్న చోట తరువాతి శీర్షాన్ని తీసుకుని, మిగిలిన భుజాలను సమాంతర రేఖలతో పూర్తిచేసిన బొమ్మ మాత్రం పెద్దదైనా, చిన్నదైనా, తిరిగినా చతురస్రంగానే నిలుస్తుంది. చతురస్రం నిర్వచనాన్ని తడబడకుండా అప్పచెప్పగల విద్యార్థికి కూడా, ఆ నిర్వచనంలోని ప్రతి మాటకూ ఒక పని ఉందన్న సంగతి ఇక్కడే తెలిసివస్తుంది. భుజాలు సమానం కావాలన్న షరతు వృత్తంలో ఉంది, కోణం లంబంగా ఉండాలన్న షరతు లంబరేఖలో ఉంది. మొదటిది వదిలేస్తే పటం దీర్ఘచతురస్రంగా సాగిపోతుంది, రెండోది వదిలేస్తే సమచతుర్భుజంగా వాలిపోతుంది. స్వేచ్ఛగా కదిలే బిందువు నీలంగా, ఏదో ఒక రేఖ మీదనో వృత్తం మీదనో మాత్రమే కదలగలిగేది లేత నీలంగా, పూర్తిగా ఇతర బిందువులపై ఆధారపడినది నల్లగా కనిపించే ఏర్పాటు కూడా చాలా ఉపయోగకరమైనది. సిద్ధాంతంలో దత్తాంశం ఏది, దాని నుంచి వచ్చిన ఫలితం ఏది అన్న ప్రశ్న దగ్గర తికమకపడే పిల్లలు ఆ రంగులను చూసి తమంతట తామే విడదీసి చెప్పడం నేను అనేకసార్లు గమనించాను.

దీనికి నేను ప్రతి సంవత్సరం వాడే ఉదాహరణ, 1731లో వెలుగుచూసిన వారిన్యాన్ సిద్ధాంతం. ఏ చతుర్భుజమైనా సరే, దాని భుజాల మధ్యబిందువులను వరుసగా కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుంది. పుస్తకంలోని పటం ఒక్కటే, అది కూడా చక్కగా కుదిరిన కుంభాకార చతుర్భుజమే. తెర మీద ఒక శీర్షాన్ని లోపలికి తోసి పటాన్ని పుటాకారం చేసినా, భుజాలు ఒకదాన్నొకటి దాటేట్టు మెలిపెట్టినా లోపలి సమాంతర చతుర్భుజం చెక్కుచెదరదు. ఇది చూశాక "ఎందుకు?" అని పిల్లలు అడిగే తీరు వేరు. అప్పుడు ఒక కర్ణాన్ని గీసి, త్రిభుజంలో మధ్యబిందు సిద్ధాంతాన్ని రెండుసార్లు వాడితే చాలు; అంతకు ముందు బలవంతంగా నేర్పిన నిరూపణ ఇప్పుడు వారు కోరుకున్న సమాధానం అవుతుంది.

బీజగణితంలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచినది స్లైడర్, అంటే తెర మీద జరిపి ఒక అంకె విలువను మార్చే మీట. ఎక్స్ వర్గం గుణకం ఏ, ఎక్స్ గుణకం బి, స్థిరపదం సి అనుకుని మూడింటికీ మూడు స్లైడర్లు పెట్టి పరావలయాన్ని గీయిస్తాను. ఏ పెంచితే పరావలయం ఇరుకవుతుందనీ, దాని గుర్తు మారిస్తే తలకిందులవుతుందనీ, సి మారిస్తే వక్రం మొత్తంగా పైకీ కిందికీ జరుగుతుందనీ పిల్లలు త్వరగానే ఊహిస్తారు. బి మారిస్తే ఏమవుతుందని అడిగితే, వక్రం ఎడమకో కుడికో అడ్డంగా జరుగుతుందని దాదాపు అందరూ అంటారు. స్లైడర్ కదిలిస్తే వక్రం పక్కకు పోతూనే కిందికి కూడా దిగుతుంది, మరోవైపు లాగితే తిరిగి పైకి వచ్చి మళ్లీ రెండో పక్కకు దిగుతుంది. వక్రం మలుపు తిరిగే బిందువైన శీర్షానికి ట్రేస్ పెట్టి, అంటే అది నడిచిన దారి తెరపై నిలిచేట్టు చేసి, అదే స్లైడర్‌ను మరోసారి కదిలిస్తే, ఆ దారి కూడా ఒక పరావలయమేననీ, అది మొదటిదానికి తలకిందులుగా ఉందనీ కనబడుతుంది. తరగతి ఊహించనిది జరిగింది కనుక ఇక్కడి నుంచి లెక్క దానంతట అదే ముందుకు సాగుతుంది. శీర్షం ఎక్స్ నిరూపకం −బి/2ఏ, వై నిరూపకం సి − బి²/4ఏ; ఈ రెండింటి నుంచి బి తొలగిస్తే వై = సి − ఏఎక్స్² మిగులుతుంది, అదే తెర మీది దారి సమీకరణం. కొంచెం చురుకైన విద్యార్థులు మరొకటి కూడా పట్టుకుంటారు: బి ఎంత మారినా వక్రం నిలువు అక్షాన్ని ఎప్పుడూ సి వద్దనే దాటుతుంది, ఆ దాటే చోట దాని వాలు సరిగ్గా బి. అక్కడ వై = బిఎక్స్ + సి అనే రేఖను గీసి చూపితే అది పరావలయానికి స్పర్శరేఖగా అంటుకుని తిరుగుతుంది. చాలా కాలం పాటు "మధ్యలోని పదం" అనే తప్ప వేరే అర్థం లేకుండా చెప్పుకుంటూ వచ్చిన గుణకానికి స్పష్టమైన పాత్ర ఒకటి ఉందని పిల్లలకు చూపించగలగడం ఈ సాఫ్ట్‌వేర్ నాకు ఇచ్చిన అతి పెద్ద సంతోషం.

ఉపాధ్యాయులు నేర్చుకోవలసిన దాంట్లో బటన్ల వాడకం చిన్న భాగమే. బిందువు, రేఖ, వృత్తం, ఖండన, లంబం, సమాంతరం, స్లైడర్ అనే కొన్నింటితో పాఠశాల గణితంలో చాలా మటుకు నడిచిపోతుంది. ఒక సెలవు దినం శ్రద్ధగా కూర్చుంటే అవి చేతికి అలవాటవుతాయి. పటాన్ని ఎప్పుడు కదిలించాలి, ఎప్పుడు కదిలించకుండా ఆగాలి అన్నది తెలియడానికి మాత్రం సమయం పడుతుంది. ముందే కదిలించి చూపితే పిల్లలు ఆసక్తిగా చూస్తారు, తలలు ఊపుతారు, మర్నాటికి ఏమీ మిగలదు. నేను స్థిరపరచుకున్న క్రమంలో మొదట పటం నిశ్చలంగా ఉంటుంది, ఏమి జరుగుతుందో ప్రతి ఒక్కరూ నోటు పుస్తకంలో ఒక వాక్యం రాస్తారు, ఆ తరువాతే బిందువు కదులుతుంది. రాసిన వాక్యానికి ప్రతివారూ బాధ్యులే కనుక తెరను చూసే చూపులో శ్రద్ధ ఉంటుంది. మరొక జాగ్రత్త కూడా అవసరం. సుద్దముక్కతో గీసేటప్పుడు ఉపాధ్యాయుని చేతి వేగమూ పిల్లల చేతి వేగమూ ఇంచుమించు ఒకటే. తెర మీద కదిలే పటం పుస్తకంలో ఏ గుర్తునూ వదలదు. అందువల్ల కదలికలో మూడు చోట్ల ఆపి ఆ మూడు స్థితులనూ చేత్తో గీయిస్తాను. పరావలయం అడ్డ అక్షాన్ని రెండు చోట్ల ఖండించే స్థితి, ఒక్క చోట తాకే స్థితి, అసలు తాకని స్థితి అలా గీసుకున్న విద్యార్థికి విచక్షణి (బి² − 4ఏసి) గుర్తు గురించి వేరే చెప్పనవసరం ఉండదు.

ఇక లోపాల సంగతికి వస్తే, మొదటిది కోణాల కొలత. జియోజెబ్రా కోణాన్ని అపసవ్య దిశలో కొలుస్తుంది కనుక మూడు బిందువులను ఏ వరుసలో నొక్కామన్న దానిపై ఫలితం ఆధారపడుతుంది. 60 డిగ్రీలు రావలసిన చోట 300 డిగ్రీలు కనిపించి తరగతి అయోమయపడుతుంది. కోణం లక్షణాల్లో 0 నుంచి 180 డిగ్రీల మధ్య మాత్రమే చూపమని ముందుగా నిర్ణయిస్తే ఈ ఇబ్బంది తీరుతుంది, కానీ కొత్తగా నేర్చుకునేవారికి ఆ సంగతి వెతికితే తప్ప దొరకదు.

రెండోది అంకెల సవరణ. తెర మీద విలువలు సాధారణంగా రెండు దశాంశ స్థానాలకు సవరించి కనబడతాయి. ఒక త్రిభుజంలో నిజమైన కోణాలు 40.336, 60.336, 79.328 డిగ్రీలు అనుకుంటే, తెర మీద 40.34, 60.34, 79.33 అని పడతాయి; వాటిని కూడిన విద్యార్థికి 180.01 వస్తుంది. "టీచర్, మరి సిద్ధాంతం ఈ త్రిభుజానికి వర్తించదా?" అన్న ప్రశ్న నా తరగతిలో వచ్చింది. దశాంశ స్థానాలు పెంచి ఆ తేడా తగ్గడం చూపవచ్చు, కానీ ఎన్ని స్థానాలు పెంచినా అది కొలతే, నిరూపణ కాదు. ఈ ప్రశ్నను నేను లోపంగా తీసుకోవడం మానేసి, త్రిభుజం శీర్షం గుండా భూమికి సమాంతర రేఖ గీసే పాత నిరూపణకు ప్రవేశ ద్వారంగా వాడుకుంటున్నాను. అయినా ఇక్కడ ఉపాధ్యాయులు గట్టిగా ఉండాలి. బిందువును వంద చోట్లకు లాగి చూసి నిజమని తేలినది ఇంకా పరికల్పనే. "చూశాం కదా, ఇక నిరూపణ ఎందుకు" అనే ధోరణిని ఈ సాధనం తెలియకుండానే పెంచగలదు. తెర ఆపేసి నల్లబల్ల దగ్గరకు వెళ్లే ఘట్టం ప్రతి పాఠంలోనూ ఉండి తీరాలి.

మూడోది చిన్నదే కానీ తరచూ ఎదురయ్యేది: నిర్మాణంలో సహాయక రేఖ ఒకటి అక్కరలేదనిపించి తొలగిస్తే, దానిపై ఆధారపడిన బిందువులూ రేఖలూ అన్నీ పోతాయి. తొలగించకుండా దాచాలి.

తరగతి గదిలో ప్రదర్శించేటప్పుడు రేఖల మందం, అక్షరాల పరిమాణం బాగా పెంచకపోతే వెనక వరుసకు ఏమీ కనబడదు. రేఖాగణిత పాఠంలో అక్షాలనూ గడులనూ తీసివేయడం మంచిది, లేకుంటే పిల్లలు పటాన్ని వదిలి గడులు లెక్కపెడతారు. అందరి పనీ ఉపాధ్యాయుని తెరపై ఒకేసారి చూపించే జియోజెబ్రా క్లాస్‌రూమ్ అనే సౌకర్యం మంచిదే గానీ, దానికి ప్రతి విద్యార్థి చేతిలో ఒక పరికరమూ నిలకడైన ఇంటర్నెట్టూ కావాలి. అవి లేని చోట ఒక్క కంప్యూటర్, ఒక ప్రొజెక్టర్ పెట్టుకుని మౌస్‌ను విద్యార్థుల చేతికి వంతులవారీగా ఇవ్వడం ద్వారా దాని ప్రయోజనంలో అధిక భాగం పొందవచ్చు. త్రిమితీయ పటాల సౌకర్యం 2014లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి ఉంది. ఘనాన్ని సమతలంతో కోసి షడ్భుజాకార ఛేదం చూపడానికి అది అద్భుతంగా పనిచేస్తుంది. మిగతా చోట్ల నాకు పెద్దగా అవసరం పడలేదు.

వృత్తలేఖినినీ స్కేలునూ ఇది తప్పిస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లంబ సమద్విఖండన రేఖను ఒక బటన్‌తో తెప్పించుకునే ముందు విద్యార్థి దాన్ని కాగితం మీద చాపాలు గీసి సాధించి ఉండాలి, ఎందుకంటే ఆ చాపాల్లోనే సమాన దూరం అనే భావన ఉంది. చేత్తో చేసిన తరువాతే నేను ఆ బటన్‌ను వాడనిస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సూచన ఒకటుంది. జియోజెబ్రా వెబ్‌సైట్‌లో ఇతర ఉపాధ్యాయులు పంచుకున్న పటాలు లెక్కకు మించి ఉన్నాయి. వాటిని చూడండి, కానీ తరగతికి తీసుకెళ్లే మొదటి కొన్ని పటాలను మీరే ఖాళీ తెర నుంచి నిర్మించుకోండి. ఇతరులు చేసిన పటంలో ఏ బిందువు దేనిపై ఆధారపడిందో మీకు తెలియకపోతే, పిల్లలు "దీన్ని ఇలా లాగితే?" అని అడిగినప్పుడు జవాబు మీ చేతిలో ఉండదు. వచ్చే వారం మీరు చెప్పబోయే పాఠంలోని ఒక్క సిద్ధాంతాన్ని తీసుకోండి, దాని పటాన్ని నిర్మించండి, ప్రతి నీలి బిందువునూ తెర అంచుల దాకా లాగి చూడండి. ఎక్కడ పటం విరిగిపోయిందో అక్కడ నిర్మాణంలో ఏ షరతు లోపించిందో వెతికి సరిచేయండి. పటం నిలిచిన తరువాత పిల్లలను అడగదలచిన ప్రశ్నను ఒక కాగితం మీద రాసుకుని, దానితోనే తరగతికి వెళ్లండి.