ఒకినావాలో హిమెయురి మ్యూజియం, హాయెబారు సొరంగం: నర్సులైతే తప్పకుండా చూడండి

నేను నర్సుని, విజయవాడలో ఆరేళ్లు సర్జికల్ వార్డులో చేశా, ఇప్పుడు జపాన్‌లో వృద్ధుల కేర్ హోమ్‌లో చేస్తున్నా. మొదటిసారి ఒకినావా (జపాన్ దక్షిణాన ఉన్న దీవి) వచ్చినప్పుడు టూర్ బస్సు వాళ్లు ఈ మ్యూజియం దగ్గర అరగంటే ఆపారు, ఫొటోల గదిలో ఉండగానే టైమైపోయిందని పిలిచేశారు, చాలా బాధేసింది. అందుకే ఈసారి నేనే వెళ్లా.

ముందు హాయెబారు చెప్తా. ఒకినావాలో పెద్ద ఊరు నాహాకి పక్కనే. 1945లో, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఒకినావా మీద దాడి చేసినప్పుడు, ఇక్కడ కొండ తవ్వి చేసిన సొరంగాలే జపాన్ ఆర్మీ హాస్పిటల్, అందులో 20వ నంబర్ సొరంగంలోకి ఇప్పుడు గైడ్‌తో పంపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. హెల్మెట్, టార్చి వాళ్లే ఇస్తారు. పొడవు 70 మీటర్ల దాకా ఉంటుంది, వెడల్పూ ఎత్తూ మాత్రం 1.8 మీటర్లే, అందులోనే ఒక పక్కన పేషెంట్ల బల్లలు, మిగిలిన సందులో నర్సులు తిరగాలి. గైడ్ ఒకచోట లైట్లన్నీ ఆర్పమన్నారు, నా చెయ్యి నాకే కనపడలేదు. అప్పటి సొరంగం వాసన ఎలా ఉండేదో తయారుచేసి చిన్న సీసాలో పెట్టారు, మూత తీసి చూడమన్నారు. చీము, చెమట, మూత్రం కలిసిన వాసన, వార్డులో ఇన్నేళ్లు చేసిన నాకే కడుపులో తిప్పింది.

ఇక్కడికి పని చేయడానికి తెచ్చింది ఎవర్నంటే 15 నుంచి 19 ఏళ్ల స్కూలు పిల్లల్ని. మార్చి 23 రాత్రి రెండు ఆడపిల్లల స్కూళ్ల నుంచి 222 మంది స్టూడెంట్లు, 18 మంది టీచర్లు వచ్చారు. వీళ్లనే హిమెయురి విద్యార్థినులు అంటారు, ఆ రెండు స్కూళ్ల పత్రికల పేర్లు కలిపితే వచ్చిన పేరట. త్వరలోనే మళ్లీ స్కూలుకి వెళ్తామనుకుని కొందరు పుస్తకాలు కూడా తెచ్చుకున్నారు పాపం. ఆపరేషన్ చేస్తుంటే కొవ్వొత్తి పట్టుకోవడం, తీసేసిన కాళ్లూ చేతులూ మోసుకెళ్లి బయట పడేయడం, బాంబులు పడుతుంటే నీళ్లు, అన్నం తేవడం, ఇవన్నీ వాళ్ల పనే. ఒక్కో పేషెంటుకి కట్లు మార్చే వంతు రావడానికి రోజులు పట్టేది, గాయంలో పురుగులు తినే చప్పుడు వినపడేదని బతికినవాళ్లు చెప్పారు. మనం ఒక్క డ్రెస్సింగ్‌కే ఎన్ని గ్లవ్స్ మారుస్తాం! మే నెలాఖరులో దక్షిణానికి వెళ్లిపొమ్మని ఆర్డర్ వచ్చాక నడవలేని పేషెంట్లకి పాలల్లో సైనైడ్ కలిపి ఇచ్చారు, ఆ మాట గైడ్ చెప్పినప్పుడు మా గ్రూపులో ఎవరూ నోరు మెదపలేదు.

ఇంక మ్యూజియం. నాహా నుంచి 89 నంబర్ బస్సులో ఇతోమాన్ వెళ్లి అక్కడ బస్సు మారాలి. టికెట్ 450 యెన్లు. ముందు ఒక పెద్ద గొయ్యి కనపడుతుంది, పైన పూలు పెడుతుంటారు, అదే జూన్ 19న అమెరికా వాళ్ల గ్యాస్ బాంబు పడిన గుహ, లోపల సైనికులు, నర్సులు, పిల్లలు, ఊరి జనం కూడా ఉన్నారు. ముందురోజే, జూన్ 18న, ఇక మీ దారి మీరు చూసుకోండని జపాన్ ఆర్మీ వాళ్లు ఈ పిల్లల్ని వదిలేశారు. అప్పటిదాకా మూడు నెలల్లో చనిపోయింది 19 మంది, ఆ తర్వాత కొన్ని రోజుల్లోనే వంద మందికి పైగా. టీచర్లతో కలిపి మొత్తం 136 మంది. నేను అక్కడే ఆగిపోయా.

లోపల గోడంతా చనిపోయిన పిల్లల ఫొటోలు, ఒక్కొక్కరి కింద పేరు, ఎలాంటి పిల్ల, ఎలా పోయింది అని రాసుంది. బతికినవాళ్ల మాటలు పెద్ద పుస్తకాలుగా పెట్టారు, నిలబడి పేజీలు తిప్పుకుంటూ చదవొచ్చు, దానికి గంటన్నర అయినా ఉంచుకోండి. 1989లో ఈ మ్యూజియం పెట్టిందే ఆ స్కూళ్ల పాత విద్యార్థులు, బతికినవాళ్లు 2015 దాకా స్వయంగా వచ్చి చెప్పేవారు, ఇప్పుడు యుద్ధం చూడని స్టాఫ్ చెప్తున్నారు, చాలా శ్రద్ధగా చెప్తున్నారు. ఇంగ్లీషులో కూడా రాసుంది కాబట్టి జపనీస్ రాకపోయినా పర్లేదు. చిన్నపిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పొద్దున హాయెబారు, మధ్యాహ్నం మ్యూజియం, అదే వరుసలో చూడండి, ఆ పిల్లలు వెళ్లింది కూడా అటే.