ముగ్గురాయి ఊరి నుంచి కృష్ణపట్నం దాకా

మా నాయన ముద్దనూరు దగ్గరున్న ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రంలో, ఇరవై ఆరేళ్లు బాయిలర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గు రైల్లో రావడమే తప్ప ఓడలో రావడం ఆయన చూడలేదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర సముద్రం ఒడ్డున కట్టిన ప్లాంటు ఒక్కసారైనా చూడాలని చాన్నాళ్ల నుంచి అడుగుతున్నాడు. సంక్రాంతి అయ్యాక రెండ్రోజులు వీలు చేసుకుని కడపలో కారు మాట్లాడుకున్నాం.

నెల్లూరికి బద్వేలు మీదుగా పోతే సుళువు. మేం మాత్రం రాజంపేట, మంగంపేట, చిట్వేలి, రాపూరు దారి పట్టాం. కాస్త కష్టమైనా చూడాల్సినవన్నీ ఈ దారిలోనే ఉన్నాయి.

మంగంపేటలో దొరికేది బెరైటీస్, మనోళ్ల మాటలో ముగ్గురాయి. ఒకేచోట ఇంత నిల్వ ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. ఒక మిల్లు ముందు కారు ఆపాం. పక్కనున్న వేపచెట్టు ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. కుప్పలో నుంచి కొబ్బరికాయంత రాయి ఒంటిచేత్తో ఎత్తబోతే లేవలేదు. మామూలు రాయి నీళ్లకంటే రెండున్నర రెట్లు, మహా అయితే మూడు రెట్లు బరువుంటుంది. ఇది నాలుగు రెట్లకు పైనే. ఆ బరువుకే దీనికి గిరాకీ. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి గ్యాస్, నూనె ఒక్కసారిగా పైకి తన్నకుండా ఈ పొడి కలిపిన బురద బావిలోకి పంపుతారు. ఆ మిల్లులో పనిచేసే మనుషుల్లో సగం మందికి ముక్కుకు గుడ్డ కూడా లేదు. చూస్తే బాధేసింది. మాస్కు ఇవ్వడం ఏమంత ఖర్చని?

అక్కడి నుంచి చిట్వేలి దాటాక ఘాట్ మొదలవుతుంది. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం పోయే రైల్వే లైను ఇదే వెలికొండల్ని తొలుచుకుని పోతుంది. చెర్లోపల్లికీ రాపూరుకీ మధ్య సొరంగం పొడవు ఆరున్నర కిలోమీటర్ల పైమాటే. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దాన్ని ప్రారంభించారు. అంతకుముందు మన వైపు నుంచి కృష్ణపట్నం పోర్టుకు పోయే గూడ్సు బండ్లు రేణిగుంట, గూడూరు చుట్టి పోయేవి. ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కువ, మధ్యలో ఫోన్ సిగ్నల్ పోయింది. చీకటి పడ్డాక ఈ దారిలో పోవద్దు. రాపూరులో కండలేరు చేపల పులుసు తిన్నాం. చింతపులుపు మనకంటే ఒక పాలు ఎక్కువ, కానీ చేప తాజా. కారు డ్రైవరైతే రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

బస విషయంలో నేను తప్పు చేశాను. ప్లాంటుకు దగ్గరని పోర్టుకు పోయే రోడ్డు మీద ఒక లాడ్జిలో 1,200 రూపాయలకు గది తీసుకున్నా. రాత్రంతా లారీల మోత. కుళాయిలో ఉప్పునీళ్లు. ఫోన్లో వేడినీళ్లు ఉన్నాయన్నారు, పొద్దున అడిగితే గీజరు చెడిపోయి నెలైందన్నారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి చన్నీళ్లు పోసుకున్నాడు. మరుసటి రాత్రి నెల్లూరు ఆర్టీసీ బస్టాండు దగ్గర 1,600కు మంచి గది దొరికింది. నాలుగొందలు ఎక్కువైనా నెల్లూరులోనే ఉండండి. అక్కడి నుంచి పోర్టుకు గంటలోపే.

ఇక ప్లాంటు. నేలటూరు దగ్గరి ఈ థర్మల్ కేంద్రానికి మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆయనది కర్నూలు పక్కన పెదపాడు. సముద్రం ఒడ్డున మన సీమ మనిషి పేరు పెద్ద అక్షరాల్లో కనిపించేసరికి నాయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం కాబట్టి లోపలికి పోనిచ్చారు. ఊరికే వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఆర్టీపీపీలో 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, తర్వాత కట్టిన 600ది ఒకటి. ఇక్కడ మూడూ 800వే. బొగ్గు పోర్టు నుంచి కన్వేయర్ మీద వస్తుంది. చల్లబరచడానికి సముద్రపు నీళ్లు. మా ఆర్టీపీపీకి మైలవరం రిజర్వాయరు నీళ్లు తగ్గినప్పుడల్లా పడే టెన్షన్ వీళ్లకు లేదు.

నాయన అడిగిన మొదటి ప్రశ్న, "డ్రమ్ము ఎక్కడుంది నాయనా?" అని. 210 యూనిట్‌లో బాయిలర్ పైన పెద్ద ఉక్కు డ్రమ్ముంటుంది. అందులో నీళ్లూ ఆవిరీ విడిపోతాయి. నీటిమట్టం తగ్గితే ట్యూబులు కాలిపోతాయి, పెరిగితే నీళ్లు టర్బైన్‌లోకి పోతాయి. ఆ మట్టం మీద కన్నేసి ఎన్నో రాత్రులు కూర్చున్నాడు ఆయన. మాకు ప్లాంటు చూపించిన కుర్ర ఇంజినీరు ఓపిగ్గా చెప్పాడు: "దీంట్లో డ్రమ్మే లేదు సార్, ఇది సూపర్ క్రిటికల్. ఒత్తిడి 221 బార్లు దాటాక నీళ్లు మరగడమంటూ ఉండదు, నేరుగా ఆవిరైపోతాయి. విడదీయాల్సిన పనే లేదు." నాయన మాట్లాడలేదు. స్క్రీన్ మీద ఆ అంకెలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మమ్మల్ని తొందరపెట్టకుండా ఆ అబ్బాయి కుర్చీ తెచ్చి వేశాడు. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన మర్యాద అదే.

పోర్టు లోపలికి పాస్ లేనిదే పంపరు. కండలేరు వాగు సముద్రంలో కలిసే చోట, కృష్ణపట్నం ఊరివైపు నుంచి, క్రేన్లు మాత్రం బాగా కనిపిస్తాయి. స్నానానికి, పిల్లల ఆటకు మైపాడు బీచ్ నయం. మేం సాయంత్రం అక్కడ గంటసేపు కూర్చున్నాం.

తిరుగు ప్రయాణం ఆత్మకూరు, బద్వేలు మీదుగా. రోడ్డు బాగుంది. నాయన దారి పొడవునా పాత స్నేహితులకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "ఒరే, ఆడ డ్రమ్మే లేదంటరా" అని.